కుక్క చూపిన తెల్లని దారులు

రక్తనాళముల నుండి ఊరి కణముల నడుమ చేరిన ద్రవము మరల రక్తములో కలియవలెను. అట్లు మరలిపోవు ద్రవమే శోషరసము. దానికి రంగు లేదు. దానిని మోయు నాళములు మిక్కిలి సన్నవి. కనుకనే అవి చాలకాలము వైద్యుల కంటబడలేదు. వానిని కనిపింపజేసిన చరిత్ర కుక్కతో మొదలైనది.

1622 జూలై 23వ తేదీన ఇటలీలో గాస్పరే అసెల్లి అను వైద్యుడు బ్రతికియున్న కుక్క కడుపు కోసి మిత్రులకు చూపుచుండెను. ప్రేగుల వద్ద తెల్లని దారములు కనిపించెను. నరములని తలచి ఒకదానిని గుచ్చగా పాలవంటి ద్రవము చిమ్మెను. ఆకలితోనున్న మరియొక కుక్కలో అవి కనిపింపలేదు. ఆహారము పెట్టిన కుక్కలో మరల కనిపించెను. కారణమేమి? ఆహారములోని క్రొవ్వు ఈ నాళములలో ప్రవేశించి వానికి తెలుపు నిచ్చుచున్నది. మత్తుమందు లేని కాలమది. ఈ జ్ఞానమునకు మూల్యము మూగజీవుల ప్రాణము. అసెల్లి మరణానంతరము, 1627లో వెలువడిన ఆయన గ్రంథమున ఈ నాళములను రంగుల బొమ్మలలో చూపిరి.

ఆ పాలు కాలేయమునకు పోవునని అసెల్లి పొరబడెను. అవి రొమ్ములోని పెద్ద నాళము ద్వారా మెడ మొదటనున్న సిరలలో కలియునని ఫ్రాన్సు దేశీయుడు జాన్ పెకే 1651లో ప్రకటించెను. ఆయనకును కుక్కయే ఆధారము.

ఈ దారులు చెడినచో ఏమగును? సిద్దిపేట మొదలు సముద్రతీరము వరకు తెలుగువా రెరిగిన బోదకాలే సాక్ష్యము. దోమకాటుతో చేరిన ఫైలేరియా పురుగులు ఈ నాళములను పాడుచేయగా ద్రవము నిలిచి కాలు వాచును. భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, ఆయన సహచరులు అమెరికాలో డైఇథైల్‌కార్బమజీన్ అను మందును కనుగొని, ఫైలేరియా జాతి పురుగులు సోకిన ఎలుకలపైనను, కుక్కలపైనను పరీక్షించి 1947లో ఫలితములు ప్రకటించిరి. మందు పురుగులపై పనిచేయును. కాని చెడిన దారి యెక్కడనో చూపదు. 1952లో లండనులో కిన్‌మంత్ అను శస్త్రవైద్యుడు, రోగి పాదమున నీలిరంగు నెక్కించి నాళమును గుర్తించి, అందులో ఎక్స్‌రేల నడ్డగించు అయొడిన్ ద్రవము నింపి ఛాయాచిత్రము తీయు పద్ధతిని వెల్లడించెను.

ఆ విద్య నేడు కుక్కలకును ఉపకరించుచున్నది. కొన్ని కుక్కల రొమ్ములో ఆ పాలవంటి ద్రవమే చేరి ఊపిరాడనీయదు. అట్టి కుక్కకు మత్తిచ్చి, మోకాలి వెనుకనున్న శోషరస గ్రంథిలో అయొడిన్ ద్రవము నెక్కించి, సి.టి. యంత్రముతో చిత్రములు తీయుదురు. నాళ మెన్ని కొమ్మలుగా చీలినదో తెలిసినగాని శస్త్రవైద్యుడు దానిని పూర్తిగా కట్టలేడు. ఒక్క కొమ్మ మిగిలినను వ్యాధి తిరుగబెట్టవచ్చును. ఇండోసయనిన్ గ్రీన్ అను రంజనము పరారుణకాంతిలో మెరయుటచే, శస్త్రచికిత్స జరుగుచుండగనే ఆ దారులు తెరపై కనిపించును.

నాడు ఈ నాళములను చూచుటకు కుక్క ప్రాణము తీసిరి. నేడు దాని ప్రాణము నిలుపుటకే వానిని చూచుచున్నారు.