కుడి క్లిక్ మెనూలో తెలుగు: ఆజ్ఞాపదాలు, సత్వరాక్షరాలు - ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:
కంప్యూటర్ మెనూ తెలుగులోకి వచ్చినా, దానిని కీబోర్డుతో నడిపే అక్షరం రోమన్‌గానే నిలిచింది. ఇందుకు గల కారణాలను పరిశీలించి, వాడుకరి స్వయంగా చేర్చుకొనే ఆజ్ఞలకు భాషాచరిత్రలో గల విలువను నిరూపించడం ఈ వ్యాసం లక్ష్యం.

1. ఉపోద్ఘాతం:
మౌస్ మీట నొక్కిన చోటనే మెనూ తెరుచుకొనే పద్ధతి 1970లలో అమెరికాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాలలో, స్మాల్‌టాక్ వ్యవస్థలో రూపుదిద్దుకొంది. 1984 నాటి మకింటోష్ ఒకే మీట గల మౌస్‌ను ఎంచుకొంది. 1995 ఆగస్టులో వెలువడిన విండోస్ 95 కుడి క్లిక్‌ను సామాన్య వాడుకరికి అలవాటు చేసింది. ఏలూరు జిల్లా మండవల్లి వంటి మండల కేంద్రంలో దరఖాస్తులో, శుభలేఖలో కూర్చే డి.టి.పి. పనివారికీ ఇది నిత్యసాధనమే.

2. అడుగుగీత సమస్య:
ఆంగ్ల మెనూలో ఒక అక్షరం కింద గీత ఉంటుంది. మెనూ తెరిచి ఆ మీట నొక్కితే ఆజ్ఞ అమలవుతుంది. 'తెరువు' అనే మాటకు ఇదే పద్ధతి పాటించబోతే చిక్కు వస్తుంది. 'తె' చూపుకు ఒకే అక్షరం. యూనికోడ్‌లో మాత్రం 'త', ఎత్వం అనే రెండు సంకేతాలు. పైగా ఇన్‌స్క్రిప్ట్ అమరికలో 'త' రోమన్ 'ఎల్' మీటపై ఉంటుంది. రోమన్ 'ఓ' మీట 'ద'ను ఇస్తుంది. కీబోర్డు ఆంగ్లంలో ఉన్నప్పుడు తెలుగు సత్వరాక్షరం పనిచేయదు. అందువల్ల గ్నోమ్ తెలుగు అనువాదంలో మాట తెలుగులో ఉండి, దాని పక్కన కుండలీకరణాల్లో రోమన్ అక్షరం నిలిచింది. జపనీయుల మెనూలలోనూ ఇదే పద్ధతి కనిపిస్తుంది.

3. వాడుకరి చేర్చే ఆజ్ఞలు:
విండోస్ రిజిస్ట్రీలో 'షెల్' అనే విభాగం కింద కొత్త ఆజ్ఞను చేర్చి, దానికి తెలుగు పేరు పెట్టవచ్చు. లినక్స్‌లోని నాటిలస్‌లో పని ఇంకా సులువు: స్క్రిప్టుల ఫోల్డరులో ఉంచిన ఫైలు పేరే మెనూలో ఆజ్ఞగా కనిపిస్తుంది. పాత అను ఫాంట్ల పాఠ్యాన్ని మార్చే స్క్రిప్టుకు 'యూనికోడ్‌లోకి మార్చు' అని పేరు పెడితే, ఆ మాటే మెనూలో చేరుతుంది. ఇక్కడ వాడుకరి అనువాదకుని నిర్ణయానికి కట్టుబడనక్కరలేదు. 'కాపీ' అనాలో 'నకలు' అనాలో, యంత్రాన్ని 'తెరువు' అని ఏకవచనంలో ఆజ్ఞాపించాలో 'తెరవండి' అని మన్నించాలో తానే తేల్చుకొంటాడు.

2021లో వచ్చిన విండోస్ 11 మెనూను కుదించింది. రిజిస్ట్రీ ద్వారా చేర్చిన ఇటువంటి ఆజ్ఞలు రెండవ మెట్టు మెనూలోకి వెళ్లాయి. వాటిని చూడటానికి మరొక క్లిక్ అవసరమైంది.

4. ముగింపు:
పారిభాషిక పదాల చరిత్రను మనం నిఘంటువుల నుండి, అనువాద సమితుల కృషి నుండి రాస్తున్నాం. పని చేసుకొనేవారు తమ అవసరానికి పెట్టుకొన్న పేర్లు ఆ చరిత్రలో చేరడం లేదు. కంప్యూటర్ మారినప్పుడో, హార్డ్ డిస్క్ చెడిపోయినప్పుడో అవి చెరిగిపోతాయి. శాసనాలను సేకరించినట్లే, ఈ మెనూ పదాలనూ క్షేత్రపర్యటనల ద్వారా సేకరించడం నేటి భాషాపరిశోధకుల బాధ్యత.