కారు మీది గీత: వందేళ్ల రంగు పని

కారు బాడీ మీద కంటికి ఒకే రంగుగా కనిపించేది నిజానికి నాలుగైదు పొరల దొంతర. రేకుకు తుప్పు పట్టకుండా వేసే ఫాస్ఫేట్ పూత, దాని పైన విద్యుత్తు సాయంతో అంటించే ప్రైమర్, ఎత్తుపల్లాలు సమం చేసే సర్ఫేసర్, ఆపైన అసలు రంగు, అన్నిటికీ పైన మెరుపునిచ్చే క్లియర్ కోటు. ఇన్నీ కలిపినా మందం మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లే, అంటే మిల్లీమీటరులో పదో వంతు, మహా అయితే ఏడో వంతు. గీతకు అడ్డంగా గోరు లాగినప్పుడు తగలకపోతే అది క్లియర్ కోటు దాటలేదని, పాలిష్‌తో పోతుందని లెక్క. గోరు పట్టుకుంటే గీత రంగు దాకానో, ప్రైమర్ దాకానో, ఒక్కోసారి రేకు దాకానో దిగినట్టే. లోతైన గీత అంటే ఇదే. ఎంత పాలిష్ పట్టినా ఇది పోదు. పోయిన పొరలను కింది నుంచి మళ్లీ పేర్చుకురావాలి. ఈ పొరలు వేర్వేరు దశాబ్దాల్లో వచ్చి చేరాయి. గీతను ఇంటి దగ్గరే సరిచేసుకునే పద్ధతి కూడా వాటి వెంటే మారుతూ వచ్చింది. ఆ మార్పు ప్రతిసారీ తేలిక వైపే సాగలేదు.

తొలి కార్లకు రంగు వేసింది గుర్రపు బండ్లకు వేసిన చేతులే. అవిసె నూనె కలిసిన రంగును, వార్నిష్‌ను బ్రష్‌తో పూత మీద పూత వేసి, ఆరిన ప్రతిసారీ ప్యూమిస్ రాయి పొడితో రుద్ది, మళ్లీ పూసేవారు. ఒక్క కారు రంగు పూర్తి కావడానికి వారాలు పట్టేది. అంత శ్రమ పడి వేసినా ఆ వార్నిష్ ఎండకు పసుపెక్కేది, పగుళ్లు తేలేది. 1908లో వచ్చిన ఫోర్డ్ మోడల్ టీ మొదట్లో పలు రంగుల్లో దొరికినా 1914 నుంచి 1925 దాకా నలుపులోనే తయారైంది. తారు జాతి పదార్థం కలిసిన ఆ నల్ల ఎనామెల్‌ను బట్టీల్లో కాల్చి ఆరబెట్టేవారు. కంపెనీకి దీనివల్ల కలిసొచ్చింది వేగం, చవక. యజమానికి కలిసొచ్చింది మరొకటి: గీత పడితే కొట్లో దొరికే ఏ నల్ల ఎనామెల్ డబ్బా అయినా సరిపోయేది. రంగు కలిసిందా లేదా అన్న బెంగ లేకుండా ఇంటి మరమ్మతు సాగిన కాలం బహుశా అదొక్కటే.

మిగిలిన కంపెనీలకు రంగులు కావాలి, కానీ వారాల తరబడి ఆగే ఓపిక లేదు. రంగు ఆరేదాకా కార్లను నిలబెట్టడానికే ఎకరాల కొద్దీ కప్పు కింద జాగా కావాల్సి వచ్చేది. దీనికి విరుగుడు తుపాకి మందు వైపు నుంచి వచ్చింది. మందుగుండు తయారీలో వాడే నైట్రోసెల్యులోజ్‌ను ద్రావకంలో కరిగిస్తే త్వరగా ఆరే లాకర్ వస్తుందని అంతకు ముందే తెలుసు. అయితే అది మరీ చిక్కగా ఉండేది. పనికొచ్చేంత పలచన చేస్తే ఆరాక మిగిలే పొర మరీ పలచగా ఉండేది. 1920 వేసవిలో న్యూజెర్సీలోని పార్లిన్‌లో, డ్యూపాంట్ కర్మాగారంలో వేడికి వదిలేసిన ఒక పీపాలో ద్రావణం దానంతటదే జారుగా మారి కనిపించింది. అందులో నైట్రోసెల్యులోజ్ పాలు తగ్గలేదు, చిక్కదనం మాత్రం తగ్గింది. ఆ గుట్టు పట్టుకుని డ్యూపాంట్ రసాయన శాస్త్రజ్ఞులు, జనరల్ మోటార్స్ పరిశోధనశాల అధిపతి చార్లెస్ కెటరింగ్ బృందం కలిసి తయారు చేసినదే డ్యూకో. 1923లో బయటికి వచ్చి, 1924 మోడల్ ఓక్‌లాండ్ కార్లకు నీలంగా ఎక్కింది. వారాల పని గంటల్లోకి దిగింది. ఇంత త్వరగా ఆరే రంగుకు బ్రష్ పనికిరాదు కాబట్టి స్ప్రే గన్‌కు గిరాకీ పెరిగింది. ఒహాయోలోని టొలీడోలో డెవిల్‌బిస్ అనే వైద్యుడు గొంతులోకి మందు చల్లడానికి కనిపెట్టిన సాధనాన్నే ఆయన కొడుకు 1907లో రంగు చల్లే గన్‌గా మార్చాడు.

ఇంటి మరమ్మతు చరిత్రలో లాకర్‌ది ప్రత్యేక స్థానం. ఇది ద్రావకం ఆవిరై గట్టిపడే రంగు; రసాయన చర్య ఏదీ జరగదు. అందుకే ఎన్నేళ్ల తర్వాతైనా కొత్త లాకర్ చుక్క పడితే పాతది మెత్తబడి రెండూ ఒకటైపోతాయి, అతుకు కనిపించదు. గీతలో సన్నని బ్రష్‌తో రంగు నింపి ఆరనిస్తారు. ద్రావకం పోయేకొద్దీ రంగు లోపలికి కుంగుతుంది, మళ్లీ నింపుతారు. చుట్టుపక్కల కంటే వెంట్రుకవాసి ఎత్తుకు వచ్చేదాకా ఇలా సాగుతుంది. ఆ గట్టును నీళ్లతో తడిపిన సన్నని కాగితంతో సమానం చేసి, కాంపౌండ్‌తో రుద్ది మెరుపు తెస్తారు. ఓపిక తప్ప పెద్ద సామగ్రి అక్కర్లేని పని ఇది. మూతకే బ్రష్ ఉండే చిన్న టచప్ సీసా ఇలాంటి పనికి చక్కగా సరిపోయింది. గోళ్ల రంగు కూడా ఇదే నైట్రోసెల్యులోజ్ జాతిది కావడంతో రెండు సీసాల రూపం ఒకటే.

నీళ్లతో తడిపి రుద్దే కాగితం, అంటే మన పెయింటర్లు వాటర్ పేపర్ అనేది, 1921లో వచ్చింది. ఫిలడెల్ఫియాకు చెందిన ఫ్రాన్సిస్ ఓకీ కనిపెట్టగా త్రీఎమ్ కంపెనీ దాన్ని బజారులోకి తెచ్చింది. పొడిగా రుద్దితే లేచే దుమ్ము పనివాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోయేది, పైగా అప్పటి రంగుల్లో సీసం ఉండేది. తడిపి రుద్దడంతో ఆ బెడద తగ్గింది, నునుపూ పెరిగింది. ఈ కాగితం నమూనాలు పట్టుకుని అమెరికాలోని సెయింట్ పాల్‌లో ఒక కార్ల షెడ్డుకు వెళ్లిన త్రీఎమ్ ఉద్యోగి రిచర్డ్ డ్రూ అక్కడ పెయింటర్లు తిట్టుకుంటూ ఉండటం విన్నాడు. ఒకే కారుకు రెండు రంగులు వేయడం అప్పటి ఫ్యాషన్. ఒక రంగు మీద కాగితం అంటించి రెండో రంగు కొట్టి, కాగితం పీకితే కింది రంగు కూడా దాంతో పాటే లేచి వచ్చేది. డ్రూ రెండేళ్లు తంటాలు పడి 1925లో ముడతల కాగితానికి అంటీ అంటనట్టుండే జిగురు పూసి మాస్కింగ్ టేపు చేశాడు. ఈనాటికీ ఇంట్లో గీత సరిచేసేవాడు ముందుగా కొనేవి ఈ రెండే: వాటర్ పేపర్, మాస్కింగ్ టేపు. రంగుల రసాయనం ఎంత మారినా వీటికి సాటి వచ్చింది లేదు.

1930ల నుంచి ఆల్కిడ్ ఎనామెల్ పుంజుకుంది. గాలిలోని ఆక్సిజన్‌తోనో బట్టీ వేడికో రసాయనికంగా బిగుసుకునే రంగు ఇది. పాలిష్ పట్టకుండానే మెరిసేది కాబట్టి కర్మాగారాలకు నచ్చింది. ఇంటి మరమ్మతుకు మాత్రం చిక్కు తెచ్చింది. బిగుసుకున్న ఎనామెల్‌లో కొత్త రంగు కలవదు, పైన కూర్చుంటుంది. పూర్తిగా గట్టిపడని ఎనామెల్ మీద లాకర్ థిన్నర్ పడితే పొర ఉబ్బి ముడతలు లేస్తుంది. కింద ఏ రంగు ఉందో తెలియకుండా చెయ్యి పెట్టకూడదన్న నియమం అప్పుడే పుట్టింది. మూలన థిన్నర్ గుడ్డతో రుద్ది చూసి, రంగు గుడ్డకు అంటితే లాకర్, అంటకపోతే ఎనామెల్ అని తేల్చుకునే పరీక్ష నేటికీ పాత కార్ల పనివాళ్లు చేస్తారు.

ఇంటి మరమ్మతు జనంలోకి పాకింది రెండో ప్రపంచ యుద్ధం తర్వాత. 1949లో ఇలినాయ్ రాష్ట్రంలో ఎడ్ సీమోర్ రంగును స్ప్రే డబ్బాలోకి ఎక్కించాడు. సలహా భార్య బానీదని చెబుతారు. కంప్రెసర్, గన్ లేనివాడికీ స్ప్రే అందుబాటులోకి వచ్చింది. సొట్టలను కరిగించిన సీసంతో పూడ్చే కష్టమైన పని పోయి, 1950ల్లో హార్డెనర్ కలిపితే నిమిషాల్లో గట్టిపడే పాలియెస్టర్ పుట్టీ వచ్చింది. బ్రిటన్‌లో 1966లో ఆస్టిన్ హీలీ స్ప్రైట్ కారుతో మొదలైన హేన్స్ మాన్యువల్స్ విప్పడం, బిగించడంతో పాటు బాడీ మీది గీతలు, సొట్టలు, తుప్పు సరిచేయడం కూడా సామాన్యుడికి నేర్పాయి. షెడ్డు కూలి ఎక్కువగా ఉండే దేశాల్లో ఈ విద్య వేళ్లూనడం సహజమే.

మన దగ్గర కథ వేరు. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లు ఏలిన రోజుల్లో రంగు ఒకే రకం పూత, క్లియర్ కోటు లేదు. చేతి పని చవక. అందుకే యజమాని స్వయంగా వాటర్ పేపర్ పట్టడం అరుదు. టింకరు రేకు సరిచేస్తే, పెయింటరు లప్పం పట్టి, రుద్ది, కంటిచూపుతోనే రంగు కలిపి కొట్టేవాడు. 1960ల నుంచి పెరిగిన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల ఈ పని వీధులకు వీధులే నిండింది. నైట్రోసెల్యులోజ్ రంగు ఏ కంపెనీదైనా డ్యూకో అనే పిలిచేవారు. ఇప్పటికీ చెక్క సామాను మీద వేసే రంగుకు ఆ పేరు నిలిచింది. 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కాక కర్మాగారంలో బట్టీ పెట్టిన నునుపైన రంగు సామాన్యుడి ఇంటికీ వచ్చింది. ఆ నునుపు మీద చేతిపూత అతుకులు కొట్టొచ్చినట్టు కనపడసాగాయి.

ఇంతలో కర్మాగారాల్లో రెండు పెద్ద మార్పులు జరిగాయి. 1960ల్లో ఫోర్డ్ మొదలుకొని కంపెనీలు బాడీని మొత్తంగా ప్రైమర్ తొట్టిలో ముంచి విద్యుత్తు పంపే పద్ధతికి మారాయి. తుప్పు బాగా తగ్గింది. 1970ల చివర, 1980ల్లో రంగును, మెరుపును వేరు చేసి, కింద పలచని బేస్ కోటు, పైన క్లియర్ కోటు వేయడం స్థిరపడింది. మెటాలిక్ రంగులకు ఇది తప్పనిసరి అయింది. బేస్ కోటులోని అల్యూమినియం రేణువులు ఏ కోణంలో పడుకుంటే వెలుగు ఆ కోణంలో తిరుగుతుంది. కంపెనీ కోడ్ చూసి తెచ్చిన అదే రంగైనా, గన్ దూరం మారినా, పూత తడి ఎక్కువైనా మచ్చలాగే తేలుతుంది. అందుకే పెయింటర్లు రంగును గీత దగ్గరే ఆపకుండా చుట్టూ పలచబరుస్తూ పోయి, క్లియర్‌ను తలుపు అంచు దాకా, అంటే ప్యానెల్ మొత్తానికి వేస్తారు.

ఇప్పుడు ఇంటి దగ్గర రేకు దాకా దిగిన గీతకు జరిగే పని ఈ చరిత్రనంతా వరసగా తిరగేసినట్టు ఉంటుంది. ముందు సబ్బుతో కడిగి, మైనం, జిడ్డు పోయేలా తుడవాలి. ఈ మెట్టు దాటేస్తే రంగు చేప కళ్లలా గుంటలు పడుతుంది. 320 లేదా 400 నంబరు కాగితంతో గీత అంచులను మెట్టు తెలియనంత వాలుగా రుద్దాలి. తుప్పు ఉంటే రేకు మెరిసేదాకా తీయాలి. రేకుకు పట్టే ప్రైమర్, దానిపై సర్ఫేసర్ వేసి, 600 నుంచి 800 నంబరు వాటర్ పేపర్‌తో సమం చేయాలి. బేస్ కోటును పలచగా, ఒక్కో పూతకు పదేసి నిమిషాలు విడుపు ఇస్తూ మూడు నాలుగు సార్లు కొట్టి, క్లియర్ రెండు మూడు పూతలు వేయాలి. పూర్తిగా గట్టిపడ్డాక 2000 నంబరు కాగితంతో తడిగా రుద్ది కాంపౌండ్ పట్టాలి. నాసిరకం పనికి కారణం తరచూ చెయ్యి తిరగకపోవడం కాదు, తొందర.

కర్మాగారంలో క్లియర్ కోటు దాదాపు 140 డిగ్రీల వేడిలో బిగుసుకుంటుంది. ఇంట్లో అంత వేడి పెట్టలేం, ప్లాస్టిక్, రబ్బరు భాగాలు తట్టుకోవు. ఆ లోటును హార్డెనర్ కలిపే టూకే క్లియర్ తీరుస్తుంది. అడుగున బటన్ నొక్కితే లోపలి హార్డెనర్ విడుదలయ్యే స్ప్రే డబ్బాలు ఇప్పుడు దొరుకుతున్నాయి. నొక్కాక ఒకటి రెండు రోజుల్లో వాడేయాలి. మామూలు స్ప్రే క్లియర్ పెట్రోలు చుక్క పడితేనే మెత్తబడుతుంది, టూకే మెత్తబడదు. నిస్సాన్ 2005లో సన్నని గీతలను ఎండ వేడికి తనంతట తానే పూడ్చుకునే క్లియర్ కోటును ప్రకటించింది, కానీ రేకు దాకా దిగిన గీతకు అదీ పనికిరాదు.

టూకే హార్డెనర్‌లోని ఐసోసయనేట్లు ఊపిరితిత్తులకు చేటు. వాసనతో పసిగట్టలేని మోతాదులోనే శాశ్వత ఉబ్బసం తెచ్చిపెట్టగలవు. గుడ్డ మాస్కు, దుమ్ము మాస్కు వీటిని ఆపవు. సరైన మాస్కు, ధారాళంగా గాలి ఆడే చోటు లేనివాళ్లు రంగు దాకా ఇంట్లో చేసుకుని, క్లియర్ మాత్రం షెడ్డులో వేయించుకోవడం మంచిది.