తుఫాను ముందటి రోజు

ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చాయంటే మనలో కోస్తావాళ్ళందరికీ ఒక చెవి బంగాళాఖాతం మీదే ఉంటుంది. కబురు అందగానే చందాల పుస్తకం బయటికి వస్తుంది, పాత బట్టలు మూటలవుతాయి. మేము వైద్యులం గనుక మందుల పెట్టెల సంగతి మా వంతు. కాని అవి చేరేసరికి పోయేవారు పోయే ఉంటారు. మరి ప్రాణాలు నిలిపేది ఎవరు, ఎప్పుడు అని వెతికితే దివిసీమ దగ్గర ఆగాము.

1977 నవంబరు 19న కృష్ణాజిల్లా దివి తాలూకా మీద సుమారు 5 మీటర్ల ఎత్తున ఉప్పెన విరుచుకుపడింది. సొర్లగొంది వంటి ఊళ్ళు ఊళ్ళే తుడిచిపెట్టుకుపోయాయి. చనిపోయినవారు పదివేల వరకు అని ప్రభుత్వ లెక్క; అంతకన్న ఎక్కువని స్థానికుల మాట. తెలియక జరిగిందా అంటే, పూర్తిగా కాదు. 1864లోనే ఇటువంటి ఉప్పెన బందరులో దాదాపు 30,000 మందిని పొట్టన పెట్టుకుంది. 1970 నుంచి విశాఖలో రాడారు ఉంది. పడమరగా నడుస్తూ వచ్చి ఉత్తరానికి మళ్ళిన ఈ తుఫానును వాతావరణశాఖ రోజుల తరబడి గమనిస్తూనే ఉంది. ఆ కబురు విని, కోతకు వచ్చిన చేనునీ గొడ్డునీ వదిలి కదలమని గడపగడపకూ వెళ్ళి చెప్పేవారు, కదిలితే తలదాచుకునే గట్టి కట్టడం తగినన్ని లేకపోయాయి.

ఉప్పెనలో చావు ముఖ్యంగా మునక చావు. మా సూదిమందుకు అక్కడ పనిలేదు. తరువాత వచ్చే కలరా, పాముకాట్లు, కుళ్ళిన గాయాలు, వీటికే మేము పనికివస్తాము.

అదే కృష్ణా ముఖద్వారం ప్రాంతంలో 1990 మే 9న మరో తుఫాను తీరం దాటింది. గాలి బలంలో పాతదానికి తీసిపోదు. ఈసారి మరణాలు 967. అదీ తక్కువేమీ కాదు, కాని పదోవంతుకు లోపే. గాలి ముట్టకముందే లక్షన్నర మందికి పైగా జనాన్ని తరలించారు. ఈ పదమూడేళ్ళలో ఏం మారిందంటే తీరం పొడవునా వందలకొద్దీ తుఫాను ఆశ్రయ భవనాలు లేచాయి. ఇన్సాట్ ఉపగ్రహం ద్వారా హెచ్చరికలు పంపే ఏర్పాటు వచ్చింది. మరొకటి ఎవరూ అంతగా చెప్పుకోనిది: 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. ఒక్క దివి తాలూకా స్థానంలో నాగాయలంక, కోడూరు, అవనిగడ్డ, మోపిదేవి, చల్లపల్లి, ఘంటసాల అంటూ ఆరు కచేరీలయ్యాయి. పరిపాలన ప్రజల ముంగిట్లోకి రావాలని తెచ్చిన సంస్కరణ అది. తుఫాను కోసం కాకపోయినా, మా ఉద్దేశంలో, రాడారుకు తక్కువ మేలేమీ చేయలేదు. బందరులో కూర్చున్న కలెక్టరుకు లారీలు, పడవలు, బియ్యం పంపడానికి ఊరికి చేరువలో ఒక మనిషి దొరికాడు. ముసలివాళ్ళు ససేమిరా కదలమంటే పోలీసులు రెక్క పట్టుకుని ఎక్కించడం కూడా ఈ పనిలో భాగమే.

తరువాత 2005 చట్టం వచ్చి, ముఖ్యమంత్రి అధ్యక్షతన రాష్ట్ర సంస్థ, కలెక్టరు కింద జిల్లా సంస్థ అని దీనికి ఒక రూపం ఇచ్చింది. ఒరిస్సావారు 1999 మహాతుఫానులో దాదాపు పదివేల మందిని పోగొట్టుకుని, ఆ ఏడే తమ సంస్థను పెట్టుకున్నారు. 2013 అక్టోబరులో ఫైలిన్ వచ్చినప్పుడు ఒడిశా, ఆంధ్ర కలిపి పదిలక్షల మంది దాకా తరలించాయి, మృతులు పదుల్లోనే.

అయితే 1996 నవంబరు 6ను మరచిపోలేము. చిన్నదే, కాని మహా తీవ్రమైన తుఫాను. కోనసీమలో కొబ్బరితోటలు నేలమట్టమై వెయ్యిమందికి పైగా చనిపోయారు. వేటకు వెళ్ళి ఇక తిరిగిరాని మత్స్యకారులు అనేకులు. ఒడ్డున ఎన్ని భవనాలు కట్టినా, రేడియో లేని పడవకు కబురు చెప్పేదెవరు?

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఒక ప్రతిపాదన తేదలచాము. మన తుఫాను నిధిలో సగం వేసవిలోనే ఖర్చుచేయాలి: తీరగ్రామంలో ఏదో ఒక ఆశ్రయ భవనానికి తలుపులు, నీటితొట్టి, జనరేటరు, పడవలకు రేడియోలు. సావనీరులో వేసుకోవడానికి జనరేటరు ఫొటో ఏం బాగుంటుందని ఒక సభ్యులు అప్పుడే అడిగారు.