పసిబిడ్డల ప్రాణములు – రెండు లెక్కపుస్తకములు



అనాథశిశువులకై యొక శాల వెలసినదని వినినచో నెల్లరును సంతోషింతురు. అందెందఱు చేరిరని యడుగువారు పెక్కండ్రు. ఎందఱు బ్రదికిరని యడుగువా రరుదు. ఈ రెండవ ప్రశ్న విలువ యెట్టిదో లండను నగర చరిత్రము చెప్పగలదు.

థామస్ కోరం అను వృద్ధనావికుడు వీథులలో విడువబడిన పసికందులను జూచి కరుణించి, చిరకాలము పాటుపడి, 1739లో శిశుశాలా స్థాపనకు రాజశాసనమును సంపాదించెను. 1741లో బిడ్డలను చేర్చుకొన నారంభించిరి. 1756లో పార్లమెంటు ధనమిచ్చి, తెచ్చిన ప్రతి శిశువును గైకొనవలెనని విధించెను. నాలుగేండ్లలో దాదాపు 15,000 మంది చేరిరి. ద్వారము విశాలమయ్యెను గాని, పాలిచ్చు దాదులు చాలరైరి. ఆ శిశువులలో సుమారు మూడింట రెండువంతులు మరణించిరి. 1760లో ఆ యేర్పాటు నిలిచిపోయెను.

ఆ శాల ధర్మకర్తలలో జోనాస్ హాన్వే యను వర్తకు డొకడు. లండను వీథులలో గొడుగు వేసికొని నడచి నవ్వులపాలైన వా డితడే. ఆ నగరమున బీదశిశువుల పోషణభారము పారిష్ అను పేటలది. హాన్వే పేటపేటకును పోయి విచారించెను. కొన్నిచోట్ల చేరిన శిశువులలో బ్రదికిన వారు దాదాపు లేనే లేరు. కారణము దాచబడి యుండలేదు. పేటల యందు వ్యయపుస్తకము మాత్రమే కలదు. అందు శిశుమరణము ఖర్చు తగ్గుటగా కనబడును!

హాన్వే మఱియొక పుస్తకమును కోరెను. అతని ప్రయత్నమున 1762లో నొక చట్టము వచ్చెను. నాలుగేండ్లలోపు ప్రతి బీదశిశువు పేరు, వయస్సు, చేరిన దినము, పెంచు దాది, తుదకేమైనది – ఇవన్నియు పేటవారు వ్రాయవలసి వచ్చెను. మరణము లిట్లు బయలుపడగా, 1767లో వేఱొక చట్టము వెలువడెను. ఆఱేండ్లలోపు బిడ్డలను నగరమునకు కనీసము 3 మైళ్ల దూరమున పల్లెలలో దాదులకడ నుంచవలెననియు, దాదికి తగిన వారపు వేతన మీయవలెననియు, పసికందును ఏడాదిపాటు చక్కగా పెంచినచో బహుమాన మీయవలెననియు నది విధించెను. బిడ్డ బ్రదుకుటయే దాదికి లాభమయ్యెను.

పట్టిక పాలీయదు, నిజమే. కాని పాలు బిడ్డ నోటికి చేరినవో లేదో యది చెప్పును. కావున పెద్దలారా, పిల్లలను పోషించు నే సంస్థకు పోయినను, గోడమీది దాతల పేళ్లు చదివి మరలివచ్చుట చాలదు. చేరినవారెందఱు, ఆరోగ్యముగా నున్నవారెందఱు, వెడలినవారేమైరి యని యడుగుడు. ఉత్తరము నోటిమాటగా గాక, పుస్తకమున చూపుమనుడు.