పురుషాంగపు నొప్పి, వాపు: రోగానికి ముందు గడియారాన్ని చూడాలి
గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల వైద్య అవసరాల దృష్టితో ఒక పరిశీలన

పురుషాంగానికి నొప్పో వాపో వస్తే పల్లెల్లో ముందుగా వినిపించే మాటలు రెండు: ‘వేడి చేసింది’, ‘సుఖరోగం’. మొదటి మాట మనిషిని సబ్జా గింజల దగ్గర, బార్లీ నీళ్ల దగ్గర ఆపేస్తుంది. రెండో మాట అతని నోరు మూయిస్తుంది. ఒక్కోసారి ఈ రెండూ నిజమే కావచ్చు. కానీ చికిత్సను నిర్ణయించే అసలు ప్రశ్న రెండింటిలోనూ లేదు: ఈ బాధ మొదలై ఎంతసేపైంది? కారణాలను సుఖవ్యాధులు, ఇతర వ్యాధులు అని విడదీయడం కంటే గంటల్లో నష్టం చేసేవి, రోజుల్లో ముదిరేవి, నెలల తరబడి సాగేవి అని విడదీయడమే తొలి పరీక్షకు సరైన పద్ధతి అన్నది ఈ వ్యాసం వాదన. పెద్దాసుపత్రులకు దూరంగా ఉండే గద్వాల నడిగడ్డకు, వనపర్తి పల్లెలకు, నల్లమల అంచులకు ఈ పద్ధతి మరింత అవసరం.

గంటల లెక్కలో చూడవలసినవి ముఖ్యంగా నాలుగు. వెనక్కి లాగిన ముందు చర్మం మళ్లీ ముందుకు రాక, శిశ్నాగ్రం వెనుక ఉంగరంలా బిగుసుకుపోయే పారాఫైమోసిస్ మొదటిది. మూత్రపు గొట్టం వేసిన తర్వాత చర్మాన్ని యథాస్థానానికి తేకపోవడం, చిన్నపిల్లల చర్మాన్ని బలవంతంగా వెనక్కి లాగడం దీనికి తరచు కారణాలు. చేతితో కొన్ని నిమిషాలు నిలకడగా నొక్కి వాపు తగ్గించి చర్మాన్ని ముందుకు తెస్తే చాలామందికి అక్కడికక్కడే నయమవుతుంది. కుదరకపోతే బిగిసిన చర్మాన్ని చిన్నగా కోయాలి. కోరికతో సంబంధం లేకుండా అంగస్తంభన 4 గంటలు దాటి నిలిచిపోయే ప్రయాపిజం రెండోది. సికిల్‌సెల్ వ్యాధి, కొన్ని మానసిక వ్యాధుల మందులు, స్తంభన కోసం చేసే ఇంజెక్షన్లు, రక్త క్యాన్సర్ దీనికి దారితీస్తాయి. లోపల నిలిచిపోయిన నల్లని రక్తాన్ని సూదితో తీసి, రక్తపోటును గమనిస్తూ ఫినైలెఫ్రిన్ అనే మందు ఎక్కించాలి. 36 గంటలు గడిస్తే స్తంభన శక్తి తిరిగి రావడం దుర్లభం. మూడోది, స్తంభించిన అంగం హఠాత్తుగా వంగి లోపలి పొర చిట్లిపోవడం. ‘టప్’మన్న శబ్దం, వెంటనే స్తంభన తగ్గిపోవడం, కమిలి ఉబ్బడం దీని గుర్తులు. మూత్రద్వారంలో రక్తం కనిపిస్తే మూత్రనాళం కూడా తెగిందని అనుమానించాలి. వీలైనంత త్వరగా శస్త్రచికిత్స చేయడమే మేలు. నాలుగోది జననాంగాల చుట్టూ కణజాలం కుళ్లిపోయే ఫోర్నియర్ గాంగ్రీన్. పారిస్‌లో సుఖవ్యాధుల నిపుణుడైన ఫోర్నియర్ 1883లో దీన్ని వివరించాడు. ఈనాడు ఇది ఎక్కువగా అదుపు తప్పిన మధుమేహం ఉన్నవారిలో కనిపిస్తుంది. చచ్చిన కండను ఆలస్యం చేయకుండా తొలగించకపోతే ప్రాణమే పోతుంది. ఈ నాలుగింటిలో ఒక్కటీ సుఖవ్యాధి కాదన్నది గమనించాలి.

రోజుల్లో ముదిరేవాటిలోనే సుఖవ్యాధులకు చోటుంది. చీముతో మంట ఉంటే గనేరియా, క్లమీడియా. పుండు ఉంటే సిఫిలిస్, హెర్పిస్. అయితే ఇదే వరుసలో మధుమేహం కూడా నిలుస్తుంది. ముందు చర్మం ఎర్రబడి, పగుళ్లిచ్చి, తెల్లని పొరతో దురదపెట్టే కాండిడా ఫంగస్ కొందరిలో షుగర్ జబ్బుకు తొలి సూచన. మూత్రం ద్వారా చక్కెరను బయటికి పంపే డాపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు ఈ ఫంగస్ ముప్పును పెంచుతాయి. 2020లో మన దేశంలో ఆ మందు పేటెంట్ గడువు తీరాక చవక రకాలు వచ్చి, వాడకం విస్తరించింది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2018లో ఈ కోవ మందులకు ఫోర్నియర్ గాంగ్రీన్ హెచ్చరికను కూడా జోడించింది. ఇంకొకటి మందులే తెచ్చే పుండు. కోట్రైమాక్సజోల్, టెట్రాసైక్లిన్, కొన్ని నొప్పి మాత్రలు కొందరికి పడవు. మింగినప్పుడల్లా శిశ్నాగ్రం మీద అదే చోట నల్లని మచ్చ, పుండు లేస్తుంది. దాన్ని సుఖరోగమని పొరబడి మళ్లీ అవే మాత్రలు ఇస్తే చికిత్సే వ్యాధికి మూలమవుతుంది. ఒక్క రక్తచక్కెర పరీక్ష, ‘ఈ మధ్య ఏ మాత్రలు వేసుకున్నావు?’ అన్న ఒక్క ప్రశ్న ఈ చిక్కును చాలావరకు విప్పుతాయి.

నెమ్మదిగా సాగేవి వేరు. బోదకాలు తెచ్చే ఫైలేరియా పురుగు వరిబీజంతో పాటు పురుషాంగపు చర్మాన్నీ మందంగా మారుస్తుంది. మూత్రపిండాలు, గుండె దెబ్బతిన్నప్పుడు ఒళ్లంతా వచ్చే నీరు ఇక్కడా చేరుతుంది, నొప్పి ఉండదు. వాపు లేకుండా కొనలో మాత్రమే పోటు ఉంటే మూత్రాశయంలో రాయిని వెతకాలి. తెరుచుకోని ముందు చర్మం కింద మానని పుండు, దుర్వాసన ఉంటే ముక్క తీసి క్యాన్సర్ పరీక్ష చేయించాలి.

ఈ విభజనను మ్యాపు మీద పెడితే దాని విలువ తెలుస్తుంది. 2016 అక్టోబరు 11న పాత మహబూబ్‌నగర్ నుంచి ఏర్పడిన ఈ మూడు జిల్లాల కేంద్రాలూ హైదరాబాదుకు వంద కిలోమీటర్లకు పైనే ఉన్నాయి. గద్వాలకు కర్నూలు చాలా దగ్గర. కానీ 2014 తర్వాత అది వేరే రాష్ట్రం, ఆరోగ్య పథకాలూ వేరు. అమ్రాబాద్ అడవిలోని కొన్ని చెంచు పెంటల (గూడేల) నుంచి తారురోడ్డు చేరడమే ఒక ప్రయాణం. ఇక్కడి వలస కూలీకి పనిచోట తోడు ఉండదు, ఊళ్లో భార్యకు విషయం తెలియదు. మధ్యలో ఆగిన చికిత్స ఇద్దరినీ బాధిస్తుంది. మరోవైపు, ఆరోగ్యశ్రీ 2007లో మొదలైన మూడు జిల్లాల్లో పాత మహబూబ్‌నగర్ ఒకటి. ప్రభుత్వ వైద్య కళాశాలలు వనపర్తి, నాగర్‌కర్నూల్‌లో 2022లో, గద్వాలలో 2024లో మొదలయ్యాయి. అంటే శస్త్రచికిత్సకు చోటు దగ్గరైంది. సకాలంలో అక్కడికి పంపే చూపు కింది మెట్టు వైద్య సిబ్బందికి ఇంకా అలవడాలి.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ పద్ధతి నుంచి పుడుతుంది. లక్షణాన్ని చూసి రంగుల కిట్లతో మందులిచ్చే ఆ పద్ధతి, ల్యాబ్ లేని చోట కూడా సుఖవ్యాధులకు చికిత్స అందేలా చేసింది. కాలం లెక్కను ముందుపెడితే సుఖవ్యాధులు తప్పిపోవా? తప్పిపోవు. చీము, పుండు, గజ్జల్లో గడ్డ అనే లక్షణాలకు ఆ కిట్లు తయారయ్యాయి. వాపు ఒక్కటే ఉన్నవాడికి, నాలుగు గంటలుగా స్తంభన తగ్గనివాడికి అవి వర్తించవు. గంటల లెక్కలోని నాలుగూ లేవని ముందుగా నిర్ధారించుకుని తర్వాత కిట్టు ఇస్తే రెండు పద్ధతులూ ఒకదానికొకటి ఆసరా అవుతాయి. భార్యాభర్తలిద్దరికీ మందు అందాలన్న నియమం అలాగే ఉంటుంది.

రెండో అభ్యంతరం: అసలు అడ్డంకి సిగ్గు, వచ్చే రోగే లేనప్పుడు వర్గీకరణ ఎవరికి? సిగ్గు బలమైనదే. కానీ దాన్ని పెంచేది ఈ అవయవపు ప్రతి బాధనూ నడతకు ముడిపెట్టే మన అలవాటు. వైద్యుడి మొదటి ప్రశ్న ‘ఎక్కడికి వెళ్లావు?’ అయితే రోగి అబద్ధం చెబుతాడు, లేదా మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కుని ఇంటికి పోతాడు. అదే ‘ఎప్పుడు మొదలైంది? మూత్రం వస్తోందా? షుగర్ ఉందా?’ అయితే జవాబు చెప్పడం సులువు. నడత గురించిన ప్రశ్న తర్వాత, చాటుగా అడగవచ్చు. మూడో మాట, పీహెచ్‌సీలో ఆపరేషన్ గది లేదన్నది. పారాఫైమోసిస్‌ను చేత్తో సరిచేయడానికి, చక్కెర చూడడానికి, మిగిలినవారిని 108లో పంపడానికి ఆ గది అక్కర్లేదు. ఆర్‌ఎంపీల దగ్గరికే ముందు వెళ్లే పల్లెల్లో ‘నాలుగు గంటలు’ అన్న హద్దు వారికీ తెలియాలి. సిగ్గును తగ్గించడానికి ఏళ్లు పట్టవచ్చు. ఓపీ చీటీ మీద ‘మొదలైన సమయం’ అని ఒక గడి చేర్చడానికి అంతకాలం అవసరం లేదు. ఈ మూడు జిల్లాల్లో సంస్కరణ ఆ గడితో మొదలుకావాలి.