విచారణకు నోచుకోని చెర

బెంగళూరు శేషాద్రి రోడ్డు పక్కనున్న ఫ్రీడం పార్కు ఒకప్పుడు కేంద్ర కారాగారం. 1975 జూన్ 25 రాత్రి దేశంలో అత్యవసర పరిస్థితి విధించగా, పార్లమెంటరీ సంఘం పనిమీద నగరానికి వచ్చిన వాజపేయి, అద్వానీ, మధు దండవతే మరునాడే నిర్బంధితులై ఆ గోడల మధ్యకు చేరారు. వారి చెరవాసం లోకవిదితం. తెలుగువారు ప్రత్యేకించి తలచుకోవలసినది స్నేహలతా రెడ్డి కథ.

'ఫిడేలు రాగాల డజన్' కవి పఠాభి, అనగా నెల్లూరు సీమకు చెందిన తిక్కవరపు పట్టాభిరామిరెడ్డి, ఆమె భర్త. ఆయన దర్శకత్వం వహించిన కన్నడ చిత్రం 'సంస్కార'లో ఆమె చంద్రి పాత్ర ధరించారు. దంపతులిద్దరూ లోహియా అనుయాయులు. అజ్ఞాతంలో ఉన్న జార్జి ఫెర్నాండెజ్‌కు సన్నిహితులు. 1976 మే 2న బరోడా డైనమైట్ కేసు సందర్భంలో పోలీసులు ఆమెను నిర్బంధించారు. తుది అభియోగపత్రంలో ఆమె పేరు లేదు. అయినా విడిచిపెట్టలేదు; 'మీసా' చట్టం కింద కారాగారంలోనే ఉంచారు.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. నేరం మోపిన ప్రభుత్వం దానిని రుజువు చేయాలి, సాక్షులను తేవాలి, న్యాయవాది ప్రశ్నలకు నిలవాలి. 1971 నాటి మీసా ఆ శ్రమను తప్పించింది. నిర్బంధానికి కారణం చెప్పనక్కరలేకుండా అత్యవసర పరిస్థితిలో దానిని సవరించారు కూడా. ఇక మిగిలినది హెబియస్ కార్పస్ అర్జీ. ఆమె అరెస్టుకు సరిగ్గా నాలుగు రోజుల ముందు, ఏప్రిల్ 28న, జబల్పూరు కేసులో సుప్రీంకోర్టు ఆ ద్వారాన్నీ మూసివేసింది. ఐదుగురు న్యాయమూర్తులలో హెచ్.ఆర్. ఖన్నా ఒక్కరే విభేదించారు. మరుసటి సంవత్సరం ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి జూనియరును వరించింది.

స్నేహలత ఉబ్బసంతో బాధపడుతూనే చెరలో దినచర్య వ్రాసుకున్నారు. తోటి మహిళా ఖైదీలను కొట్టడాన్ని ప్రతిఘటించారు. ఎనిమిదిన్నర నెలల తరువాత, ఆరోగ్యం పూర్తిగా క్షీణించాక, 1977 జనవరి 15న పెరోలుపై వదిలారు. 20న ఆమె కన్నుమూశారు. ఏ న్యాయస్థానమూ ఆమెకు శిక్ష విధించలేదు.

మీసా 1978లో రద్దయింది. జబల్పూరు తీర్పును త్రోసిపుచ్చడానికి మాత్రం 2017 దాకా పట్టింది. అదీ కర్ణాటక హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కె.ఎస్. పుట్టస్వామి వేసిన కేసులో. అప్పటికి 1980 నాటి జాతీయ భద్రతా చట్టం విచారణ లేని నిర్బంధాన్ని వేరొక పేరుతో నిలిపే ఉంచింది. 2019 డిసెంబరులో పౌరసత్వ చట్ట సవరణపై నిరసనలు చెలరేగినపుడు బెంగళూరులో విధించిన 144వ సెక్షను చెల్లదని రెండు నెలలకు హైకోర్టు తేల్చింది. నిరసనకారులను చెదరగొట్టడం అప్పటికే పూర్తయింది.

పాత కారాగారం 2008లో ఉద్యానవనమైంది. 2021 నాటి పోలీసు ఉత్తర్వు నగరంలోని నిరసన సభలను ఆ ఆవరణకే పరిమితం చేసింది.