వయ్యారిభామ పుప్పొడి

హైదరాబాద్ శివారు కిష్టారెడ్డిపేటకు దగ్గర్లోనే, పటాన్‌చెరులో, 1972లో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఉంది. చుట్టూ ఫ్యాక్టరీలు, కాలనీలు పెరిగిన ఈ నేలకూ రాయలసీమ వేరుశనగకూ ఏం సంబంధమని అనిపించవచ్చు. సంబంధం ఉంది. 2000 ఖరీఫ్‌లో అనంతపురం జిల్లాలో సుమారు 2.25 లక్షల హెక్టార్ల వేరుశనగను ఒక తెగులు దెబ్బతీసింది; నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. ముందు లేత చిగురాకుల మీద మచ్చలు, ఆపైన ఆకు కాడ, కాండం మాడిపోయి మొక్కే చచ్చిపోవడం. చూసినవాళ్ళు పాత మొవ్వు కుళ్ళు తెగులే అనుకున్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. కంటికి రెండూ దాదాపు ఒకటే, రెండు చోట్లా తామర పురుగులే కనిపిస్తాయి. ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు వైరస్ పైపొర ప్రొటీన్ జన్యువును పరిశీలించాక అసలు దోషి టొబాకో స్ట్రీక్ వైరస్ అని తేలింది. ఆ ఏడాది కథలో అన్నిటికన్నా విలువైన పని ఇదేనని నా అభిప్రాయం.

పేరేదైతేనేం, పురుగుకు మందు కొడితే చాలదా అనే ప్రశ్న సహజమే. చాలదు. మొవ్వు కుళ్ళు వైరస్ తామర పురుగు ఒంట్లోనే పెరుగుతుంది. టొబాకో స్ట్రీక్ వైరస్ ఉండేది పుప్పొడిలో. పురుగు దాన్ని ఒంటికి అంటించుకుని తెస్తుంది, ఆకును గీకిన గాయంలోంచి వైరస్ లోపలికి దిగుతుంది. ఆ పుప్పొడి గట్ల మీద పెరిగే కలుపు మొక్క వయ్యారిభామది. వైరస్ ఉన్నా ఆ మొక్క ఏ జబ్బూ లేనట్టు పచ్చగా, చిన్న చిన్న తెల్లపూలతో నిలబడి ఉంటుంది. పైరులోని పురుగును చంపినా, గట్టు మీద పూలున్నంత కాలం కొత్త పురుగు కొత్త పుప్పొడితో వస్తూనే ఉంటుంది.

ఒక్క రైతు కలుపు పీకితే పక్క బీడులోంచి పుప్పొడి రాదా అన్న అభ్యంతరం ఇంకా బలమైనది. వస్తుంది. అందుకే పొలం చుట్టూ కొన్ని వరసల జొన్న, సజ్జ వేయమని సలహా: ఎత్తుగా పెరిగిన ఆ పైరు పురుగునూ పుప్పొడినీ చాలావరకు అడ్డుకుంటుంది. విత్తనం ద్వారా ఈ తెగులు సోకలేదని పరీక్షల్లో తేలింది గనక ఆ భయం అక్కర్లేదు. కానీ రోడ్ల పక్కన, బంజర్లలో పెరిగే వయ్యారిభామను రైతు ఒక్కడి నెత్తిన వేయడం అన్యాయం. దాన్ని పూతకు రాకముందే పంచాయతీ పీకించాలి. పూశాక పీకితే ఆలస్యమే.